షావ్ తర్వాత వచ్చే అక్షరం

1982వ సంవత్సరం. మా అమ్మమ్మ లెక్కలో దుందుభి. అప్పటికి మేము కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో, చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న చోట అప్పట్లో ఇంకా చెర్రీ తోటలు మిగిలి ఉండేవి. మావారు ఒక కంప్యూటర్ కంపెనీలో ఇంజనీరు. నేను దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో, రిహాబ్ విభాగంలో, అంటే గండం గడిచాక మనిషిని మళ్ళీ నడిపించి, తినిపించి, మాట్లాడించే విభాగంలో స్పీచ్ థెరపిస్ట్‌గా పనిచేసేదాన్ని.

ఆ ఉద్యోగం పేరు చెబితే మనవాళ్ళు నత్తి మాన్పేదాన్ని అనుకునేవారు. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే చాలు, పిల్లవాణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టి "ఆంటీకి రైలు అని చెప్పు నాన్నా" అనేవారు. నిజానికి నా పేషెంట్లలో ఎక్కువమంది తాతలూ మామ్మలూ. మెదడులో ఎడమ వైపు రక్తం అందక స్ట్రోక్ వస్తే చాలామందికి మాట పోతుంది. దాన్ని అఫేజియా అంటారు. నాలుక బాగానే ఉంటుంది, గొంతూ బాగానే ఉంటుంది, చెప్పదలుచుకున్నది మనసులో ఉంటుంది. దానికి సరిపడే మాట మాత్రం దొరకదు. మాట పోతుంది కానీ మతి పోదు. ఈ ఒక్క ముక్క ఇంట్లోవాళ్ళకు నచ్చజెప్పేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చేది. పేషెంట్ ఎదురుగానే "పాపం, ఈయనకేమీ తెలియడం లేదు" అని మాట్లాడుకునేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండేది.

అలాంటి నేనే ఒక మనిషి విషయంలో ఆ ముక్క మరిచిపోయాను. ఆయన పేరు గావ్. చైనాలో పుట్టి, తైవాన్‌లో స్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక కూతురు షావ్‌లింగ్ ఆయన్ని సన్నీవేల్ తెచ్చుకుంది. ఆమె కూడా ఇంజనీరే. ఆమె నోట ఆయన పాఠాల సంగతులు విని విని నాకూ ఆయన మాస్టారే అయిపోయాడు.

ఏప్రిల్‌లో మాస్టారికి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట మొత్తం పోయింది. వార్డులో కొత్త డాక్టరు షావ్‌లింగ్ చేత అడిగించాడు, ఇది ఏ సంవత్సరం అని. స్ట్రోక్ పేషెంట్లందరినీ అడిగే ప్రశ్నే అది. మాస్టారు ఎడమ చేతి వేళ్ళు మడిచి, విప్పి, డెబ్బై ఒకటి అని చూపించాడు. డాక్టరు జాలిగా నవ్వి, సంవత్సరం అడిగితే వయసు చెబుతున్నాడు అనుకున్నాడు. షావ్‌లింగ్ సర్ది చెప్పింది. చైనాలో ఆఖరి రాజవంశం పోయి రిపబ్లిక్ వచ్చిన ఏడాదిని ఒకటిగా పెట్టుకుని తైవాన్‌లో సంవత్సరాలు లెక్కపెడతారు. ఆ లెక్కలో అది డెబ్బై ఒకటో సంవత్సరమే. మాస్టారు పుట్టింది కూడా ఆ మొదటి ఏడాదే కాబట్టి, పుట్టగానే ఒక ఏడు వేసే చైనా లెక్కలో వయసూ అదే. ఎటు తిప్పి చూసినా ఆయన చెప్పింది సరైన జవాబే.

నా గదిలోకి వచ్చిన మొదటి వారం మాత్రం ఆయనతో నాకు పడలేదు. నా దగ్గర బొమ్మల కార్డులుండేవి. కప్పు, తాళంచెవి, దువ్వెన, అరటిపండు. బొమ్మ చూపించి పేరు చెప్పమనడం మా పని. మాస్టారు వాటిని ఎడమ చేత్తో నా వైపే తోసేసేవాడు. నాకు చైనీస్ రాదు, ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. మధ్యలో షావ్‌లింగ్ తర్జుమా. ఆమె ఒకరోజు నవ్వాపుకుంటూ చెప్పింది, ఆయన జన్మలో అరటిపండు గురించి మాట్లాడి ఎరుగడని.

"మరి దేని గురించి మాట్లాడతారు?" అని అడిగాను.

"పోయిన కాలాల గురించి," అంది.

అలా మర్నాడు ఆమె కొత్త కార్డులు తెచ్చింది. బొమ్మల్లేవు, దట్టమైన బ్రష్‌తో రాసిన చైనా అక్షరాలు. ఒక్కొక్కటీ నాకు విప్పి చెప్పింది. చావ్‌దాయ్ అంటే ఒక రాజవంశం ఏలిన కాలం. దాన్నే కాస్త సాగదీసి గాయ్ చావ్ హ్వాన్ దాయ్ అంటే వంశం మారడం, కాలం మారడం. కొత్త ప్రభుత్వం వచ్చి నిన్నటి గొప్పవాడు ఇవాళ నేరస్తుడైతే వాళ్ళు ఆ మాట అంటారట. షి అంటే తరం. పదిని మూడుసార్లు కలిపి రాసినట్టుండే అక్షరం అది. ముప్ఫై ఏళ్ళకి ఒక తరం అని లెక్క. గ షి అంటే మధ్యలో ఒక తరం అడ్డం పడినట్టుండటం. చాలా ఏళ్ళకి సొంత ఊరికి తిరిగొచ్చినవాడు, అక్కడ తనవంటూ ఏవీ మిగల్లేదని చూసుకుని అనే మాట. ఇంకొకటి స షి థోంగ్ థాంగ్, ఒకే కప్పు కింద నాలుగు తరాలు. మనవాళ్ళు మునిమనవణ్ణి ఎత్తుకున్నాడు అదృష్టవంతుడు అన్నట్టు, వాళ్ళకి అదొక నిండు దీవెన.

ఈ కార్డులు చూసి మాస్టారి ముఖం మారిపోయింది. వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. నేను ఒక మాట పలికితే, అంటే పలకబోయి ఖూనీ చేస్తే, సరైన కార్డు మీద వేలు పెట్టేవాడు. ఒక్కటీ తప్పలేదు. నాలుగు తరాల కార్డు మీద కూడా వేలు పెట్టాడు. పెట్టి, దాన్ని నెమ్మదిగా బోర్లా తిప్పేశాడు.

ఎందుకలా అని ఆ సాయంత్రం కారు దాకా నడుస్తూ షావ్‌లింగ్‌ని అడిగాను. అప్పుడు చెప్పింది. చైనాలో ప్రభుత్వం మారిన ఏడాది ఆయన తన స్కూలు పిల్లలతో పాటు తైవాన్‌కి ఓడ ఎక్కాడు. రెండు మూడు నెలల్లో గొడవలు సద్దుమణిగితే తిరిగి వెళ్ళిపోవచ్చు అనుకున్నాడు. భార్యనీ, పన్నెండేళ్ళ కొడుకు షావ్‌మింగ్‌నీ ఊళ్ళోనే ఉంచాడు. మళ్ళీ వెళ్ళలేకపోయాడు. ఉత్తరాలు లేవు, ఫోన్లు లేవు. ఏళ్ళు గడిచాక తైవాన్‌లో రెండో పెళ్ళి చేసుకున్నాడు, షావ్‌లింగ్ పుట్టింది. అమెరికాకీ చైనాకీ రాకపోకలు మొదలయ్యాక ఆమె ఇక్కణ్ణించి వెతకడం ప్రారంభించింది. అన్నయ్య ఫలానా చోట ఉన్నట్టు ఏదో ఆచూకీ అందబోతున్న సమయంలో తండ్రికి ఇలా అయింది.

వాళ్ళ ఇంటి పేర్ల పద్ధతి కూడా అప్పుడే విన్నాను. వాళ్ళ పూర్వీకుడెవరో ఒక పద్యం కట్టి పెట్టాడు. ఒక్కో తరానికి అందులో ఒక్కో అక్షరం. ఆ తరంలో పుట్టినవాళ్ళందరి పేర్లలోనూ ఆ అక్షరం ఉంటుంది. మాస్టారి తరానికి చెంగ్, అందుకోవడం అని అర్థం. పిల్లల తరానికి షావ్, కొనసాగించడం. దేశంలో ఏ మూల కలిసినా పేరు వినగానే నువ్వు నాకు అన్నవా, బాబాయివా, మనవడివా అని తేలిపోతుంది. ఆడపిల్లలకి మామూలుగా ఆ అక్షరం పెట్టరు. మాస్టారు పట్టుబట్టి కూతురికి కూడా పెట్టాడు.

"మా నాన్న నన్ను పిలిచినప్పుడల్లా సగం అన్నయ్యని పిలిచేవారు," అంది షావ్‌లింగ్. "నాకు చిన్నప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు ఒక్కటే కోరిక. అన్నయ్య దొరికి ఫోన్ చేస్తే, నాన్న ఆ పేరు పెట్టి పిలవాలి. ఇంకేమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఆ ఒక్క పేరు చెప్పించండి."

ఒక్క పేరు. వినడానికి తేలిగ్గానే ఉంది. కానీ అఫేజియాలో అన్నిటికంటే ముందు జారిపోయేవి, ఆఖరున తిరిగొచ్చేవి పేర్లే. నోటిని చూపించాను, అద్దం పెట్టాను, మొదటి సగం నేను పలికి మిగతాది అందుకోమన్నాను. ఇలా మొదటి ధ్వని అందించడాన్ని క్యూ ఇవ్వడం అంటాం. ఆయన మెడ నరాలు తేలేవి, చెమటలు పట్టేవి, మాట మాత్రం రాదు. పిడికిలితో తన తొడ మీదే కొట్టుకునేవాడు. నాకు ఏడుపొచ్చేది.

అప్పుడు నాకు తట్టింది మా అమ్మమ్మ. చిన్నప్పుడు ఆవిడ మా చేత తెలుగు సంవత్సరాల పేర్లు అరవయ్యీ వల్లె వేయించేది. ఇప్పటికీ నన్ను హఠాత్తుగా శ్రీముఖ తర్వాత ఏది అని అడిగితే చెప్పలేను. ప్రభవ, విభవ, శుక్ల అని మొదటి నుంచి అందుకుంటే మాత్రం శ్రీముఖ, భావ అని దానంతటదే వచ్చేస్తుంది. చిన్నప్పుడు వల్లె వేసినది మెదడులో వేరే దారిలో ఉంటుంది. దాన్ని మేము ఆటోమేటిక్ స్పీచ్ అంటాం. తన పేరు చెప్పలేని పేషెంట్ ప్రార్థన మొత్తం చెప్పేస్తాడు. గురువారం అనలేనివాడు సోమవారం నుంచి మొదలుపెట్టి గురువారం దగ్గర ఆగడం నేర్చుకుంటాడు. కావలసిన మాటకి వరస మీద నడిచి వెళ్ళడమన్నమాట.

షావ్‌లింగ్ చేత ఆ పద్యం మొదటి అక్షరం పలికించాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. మాస్టారి కళ్ళు ఎక్కడో దూరంగా వెళ్ళిపోయాయి. రెండో అక్షరం వచ్చింది, మూడోది వచ్చింది. ఆ తర్వాత పిల్లవాడు ఎక్కం చదివినట్టు గడగడా వచ్చేశాయి. మధ్యలో ఎక్కడో తడబడి, మళ్ళీ మొదటికి వెళ్ళి, ఈసారి దాటేశాడు. షావ్‌లింగ్ నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగబడినా నాకు తెలియలేదు.

ఇక పని పద్ధతిగా మొదలైంది. పద్యంలో మాస్టారి తరం దగ్గరి ముక్క తీసుకుని అక్షరానికొక కార్డు చేశాం. ద, అంటే శీలం. యీ, అంటే ధర్మం. చెంగ్, అంటే తన తరం. షావ్, అంటే కొడుకు తరం. వరసగా బల్ల మీద పరిచి, ఒక్కొక్కదాన్నీ ఎడమ చేత్తో తాకుతూ పలకాలి. షావ్ దగ్గర ఆగాలి. ఆగి, మింగ్ కలపాలి. ఆగడమే కష్టం. వరస మొదలైతే నోరు తోసుకుపోతుంది, ఇంకో అక్షరంలోకి దొర్లబోతుంది. అక్కడ నేను చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. షావ్ తర్వాతి కార్డు చెయ్యలేదు. ఆ తర్వాత బల్ల ఖాళీ. ఎండాకాలమంతా ఇదే పని. ఆగస్టుకి మాస్టారు "ద, యీ, చెంగ్, షావ్" అని, ఆగి, కళ్ళు మూసుకుని, "షావ్‌మింగ్" అనేవాడు. ఎవరి క్యూ అక్కర్లేకుండా.

ఇంట్లో భోజనాల బల్ల నిండా కార్డులే. ఒకరోజు మావారు కంచం పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ అన్నారు, "ఏంటోయ్ ఇది, ఇల్లంతా చైనా చేసేశావ్. ముందు మీ ముత్తాత పేరేంటో చెప్పు చూద్దాం." నాకు గుర్తు రాలేదు. మన పెళ్ళిలో ప్రవర చెప్పినప్పుడు చెప్పారుగా అన్నాను. "ఆ టైమ్‌లో నువ్వు ఏడుస్తున్నావ్, నేను ఆకలి మీదున్నా. ఇద్దరం వినలేదు," అన్నారు ఆయన. నవ్వుకున్నాం.

సెప్టెంబరు ఆఖర్లో ఒక సాయంత్రం ఆసుపత్రి పార్కింగ్ లాట్‌లో షావ్‌లింగ్ నా కోసం నిలబడి ఉంది. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫోన్ వచ్చిందట. అన్నయ్య దగ్గర్నుంచి కాదు. అన్నయ్య కొడుకు యువాన్‌షాన్, ఇరవై రెండేళ్ళవాడు, మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీలో చదవడానికి చైనా నుంచి అప్పుడే వచ్చాడు. ఎవరి ద్వారానో అత్త నంబర్ సంపాదించాడు. షావ్‌మింగ్ పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. తండ్రి తైవాన్‌లో ఉన్నాడన్న ఒక్క కారణానికి అతన్ని ఉద్యోగంలోంచి తీసి, దూరాన ఎక్కడో పొలాల్లో పనికి పంపారు. అక్కడ జబ్బు చేసి చనిపోయాడు. ఆమె గాయ్ చావ్ హ్వాన్ దాయ్ అని చెప్పినప్పుడు నాకు అది పుస్తకంలో మాటలా వినిపించింది. ఇప్పుడు దాని కింద పడి నలిగిన మనిషికి ఒక పేరుంది. ఆ పేరే నేను ఎండాకాలమంతా ఒక తండ్రి చేత వల్లె వేయిస్తూ వచ్చాను.

తండ్రికి చెప్పనని ఆమె తేల్చేసింది. తను ఓడ ఎక్కినందువల్లే కొడుకు పోయాడని తెలిస్తే ఆయన బతకడని ఆమె భయం. ఇంకో స్ట్రోక్ వస్తే ఎవరిది బాధ్యత అంది. ఆయనకి తెలుసుకునే హక్కుందని నేను వాదించాను, కాస్త గట్టిగానే. కానీ అది ఆ ఇంటి దుఃఖం, నాది కాదు. థెరపిస్ట్ నోరు ఎక్కడిదాకా వెళ్ళాలో దానికీ ఒక హద్దుంది.

యువాన్‌షాన్ నవంబరులో, థాంక్స్‌గివింగ్ సెలవులకి వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, చలికోటు మోచేతుల దగ్గర వెలిసిపోయి ఉన్నాడు. దూరపు బంధువుల అబ్బాయి అని చెప్పాలని అత్తా మేనల్లుడూ ముందే అనుకున్నారు. నా గదిలో అయితే, ఏదైనా జరిగితే నర్సులు దగ్గర్లో ఉంటారని, సెషన్ టైమ్‌కే తీసుకొచ్చింది. తలుపు తీసుకుని అతను లోపలికి వచ్చాడు. మాస్టారు తలెత్తి చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. షావ్‌లింగ్ బంధువుల కథ మొదలుపెట్టింది కానీ ఆయన వినలేదు. బల్ల మీద చెయ్యి కదిలింది. ద, యీ, చెంగ్, షావ్. ఆగాడు.

"షావ్‌మింగ్," అన్నాడు.

షావ్‌లింగ్ మేనల్లుడి వైపు చూసింది. ఆ చూపులో ఏముందో అర్థం కావడానికి చైనీస్ రానక్కర్లేదు. అతను రంగు మారిపోయి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పెద్దాయన చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆఁ నాన్నా," అన్నాడు.

మాస్టారి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. తల అటూ ఇటూ ఊపాడు. నమ్మలేక ఊపుతున్నాడు అనుకున్నాం. ముగ్గురం అలాగే అనుకున్నాం. కాలం కలగాపులగమైపోయి మనవణ్ణే కొడుకు అనుకుంటున్నాడు, పోనీలే, అదే ఒక సుఖం అని షావ్‌లింగ్ ఆ రోజు ఏడుస్తూ చెప్పింది. నేను కూడా అవునేమో అన్నాను. పేషెంట్ నోటి మాటని బట్టి అతని మనసులో ఉన్నది ఇదీ అని తేల్చెయ్యకూడదని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేదాన్ని నేను.

శీతాకాలం సెలవులకి యువాన్‌షాన్ మళ్ళీ వచ్చి, నెలకి పైగా ఉన్నాడు. ప్రతి సెషన్‌కీ తనే వీల్‌చెయిర్ తోసుకొచ్చేవాడు. ప్రతిసారీ అదే తంతు. మాస్టారు అతని ముఖంలోకి చూసి, వరస మొదలుపెట్టి, షావ్ దగ్గరికొచ్చి, పేరు పలికేవాడు. అతను ఆఁ నాన్నా అనేవాడు. మాస్టారు ఏడ్చేవాడు. తల ఊపేవాడు. కొన్నిసార్లు బల్ల మీద గుద్దేవాడు కూడా. స్ట్రోక్ తర్వాత ఉద్వేగాలు అదుపులో ఉండవు, అది మామూలే అని నేను వాళ్ళకి వివరించాను.

ఒకరోజు సెషన్ అయ్యాక ఆ అబ్బాయి వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కాఫీ తెచ్చి ఇచ్చాను. అతనిది కూడబలుక్కుని మాట్లాడే ఇంగ్లీషు.

"మా దగ్గర కొడుకు తండ్రి పేరు పైకి అనడు. నేను ఒక్కసారి కూడా అనలేదు," అన్నాడు. "ఇప్పుడు ఆ పేరుకి పలుకుతున్నాను. పలికినప్పుడల్లా మా నాన్న కుర్చీలో నేను కూర్చున్నట్టుంది."

వాళ్ళ నాన్న ఎలాంటివాడని అడిగాను. మాట్లాడేవాడు కాదట. ఇంట్లో ఉన్న వంశవృక్షం పుస్తకాన్ని, పాతవన్నీ కాల్చెయ్యమన్న రోజుల్లో, తన చేత్తోనే కాల్చాడట. తాత గురించి ఒక్క ముక్క చెప్పలేదట. "కానీ నాకు పేరు మాత్రం వరసలోనే పెట్టాడు. అప్పటికి ఇంకా పెట్టుకోనిచ్చేవాళ్ళు. షావ్ తర్వాత యువాన్. యువాన్ అంటే దూరం," అన్నాడు.

నేను అతని భుజం మీద చెయ్యి వేశాను.

జనవరిలో అతను తిరిగి వెళ్ళాల్సిన ముందు రోజు. ఆ ఉదయం వాన. షావ్‌లింగ్ కూడా ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చింది. కార్డులు పరిచాను. మాస్టారు మనవడి ముఖంలోకి చూసి, ద అన్నాడు, యీ అన్నాడు, చెంగ్, షావ్. ఆగాడు. "షావ్‌మింగ్" అన్నాడు. యువాన్‌షాన్ నోరు తెరిచాడు. కానీ అతను పలికేలోపు మాస్టారు ఎడమ చెయ్యి పైకెత్తాడు. వద్దు అన్నట్టు. పాఠం మధ్యలో అడ్డొచ్చిన పిల్లవాణ్ణి మాస్టారు ఆపినట్టు ఆపాడు.

మళ్ళీ మొదటికి వెళ్ళాడు. ఈసారి చాలా నెమ్మదిగా. ద. యీ. చెంగ్ అంటూ చెయ్యి తన గుండె మీద పెట్టుకున్నాడు. షావ్ అన్నాడు. వెంటనే మింగ్ అని నోరు తిరగబోయింది. పళ్ళు బిగించి దాన్ని ఆపుకున్నాడు. ఎండాకాలమంతా నేను దగ్గరుండి వేయించిన దారి అది, ఆయన నోరు దాన్ని దాటి వెళ్ళలేకపోతోంది. నాకు అప్పుడు అర్థమైంది. ఈయన ఏ రోజూ మనవణ్ణి కొడుకు అనుకోలేదు. వేరే పేరు అనబోయాడు. వచ్చిందల్లా మేము నేర్పిన పేరు. అది వచ్చినప్పుడల్లా ఎదురుగా ఆ కుర్రాడు నాన్నా అని పలుకుతుంటే, కాదు కాదు అని తల ఊపి, బల్ల గుద్ది ఏడ్చాడు. మేము సంతోషం అనుకున్నాం.

క్యూ ఇవ్వాలని నా నోటి దాకా వచ్చింది. యువాన్ అని చెప్పేస్తే చాలు. కానీ ఆయన నా వైపు చూడటం లేదు. అడగని సాయం చెయ్యకూడదనిపించింది. వేళ్ళు నలుపుకుంటూ కూర్చున్నాను.

మాస్టారు షావ్ కార్డుని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. దాని మీద బొటనవేలితో ఒకసారి నిమిరాడు. నెమ్మదిగా బోర్లా తిప్పి, బల్ల మీద పెట్టి, అరచెయ్యి దాని మీద ఆనించాడు. తర్వాత ఆ చెయ్యి తీసి, కార్డు లేని ఖాళీ చోట పెట్టాడు. నోరు వెతుక్కుంది. ఒకసారి గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి వచ్చింది.

"యువాన్," అన్నాడు. చెయ్యెత్తి మనవడి బుగ్గ మీద పెట్టాడు.

ఆ అబ్బాయి అప్పుడు పిలిచాడు, తాతయ్యా అని. వాళ్ళ భాషలో యేయే. అప్పటిదాకా నాన్నా అని నొక్కి పెట్టుకున్న గొంతు ఒక్కసారి విడిపోయి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మాస్టారు ఏడవలేదు. అవును, అవును అన్నట్టు తల నిలువుగా ఊపాడు. నేను బల్ల సొరుగులోంచి తెల్ల కార్డు ఒకటి తీసి, బ్రష్ పెన్ను యువాన్‌షాన్ చేతికిచ్చాను. అతను తన అక్షరం రాసి, బోర్లా ఉన్న కార్డు పక్కన పెట్టాడు.

ఎప్పుడు తెలిసింది నాన్నా అని షావ్‌లింగ్ అడిగింది. మాస్టారు తలుపు వైపు చూపించాడు. నవంబరులో, కొడుకు పోలికలున్న ఆ అబ్బాయి తండ్రి లేకుండా లోపలికి వచ్చిన తలుపు. కొడుకు బతికి ఉంటే మనవణ్ణి ఒక్కణ్ణీ పంపుతాడా? జీవితమంతా చరిత్ర చెప్పినవాడికి ఆ మాత్రం తెలియదా? ఎవరూ ఏమీ చెప్పకుండానే అన్నీ తెలుసుకుని, తన కొడుకు పోయిన సంగతి మాతో చెప్పుకోవడానికి మాట లేక, అన్ని వారాలు ఆయన ఒక్కడే ఆ దుఃఖం మోశాడు. ఓదార్చవలసిన మేము ఎదురుగా కూర్చుని మురిసిపోయాం.

మాస్టారు ఆ వేసవి చూడలేదు. రెండో స్ట్రోక్‌లో, ఎక్కువ బాధపడకుండానే పోయాడు. యువాన్‌షాన్ వచ్చి మనవడిగా చెయ్యాల్సినవన్నీ చేశాడు. సమాధి రాయి మీద చైనా పద్ధతిలో కొడుకుల పేర్లు, మనవల పేర్లు చెక్కిస్తారట. షావ్‌మింగ్ పేరు కూడా చెక్కించామని షావ్‌లింగ్ ఫోన్ చేసి చెప్పింది. మళ్ళీ కొన్నాళ్ళకి నాలుగు తరాల కార్డు తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగింది. అది ఆమె రాసినదే, ఆమెదే అన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళుగా ఆ పనే చేస్తున్నాను. నా చేతి కింద నేర్చుకున్న అమ్మాయిలు, అబ్బాయిలు ఈ ఊరి చుట్టుపక్కల ఆసుపత్రుల్లో చాలామంది ఉన్నారు. నా సెషన్లలో వాళ్ళకు వింతగా కనిపించే అలవాటు ఒకటుంది. గురువారం కావలసిన పేషెంట్‌కి గురువారం దగ్గర చెయ్యి అడ్డం పెట్టను. శుక్రవారం కూడా నేర్పించి, అప్పుడు వెనక్కి వస్తాను. భార్య పేరు కావాలన్నవాడికి ఆమె తర్వాత ఎవరి పేరు వస్తుందో కనుక్కుని, అదీ నేర్పిస్తాను. టైమ్ వేస్ట్ కదా మేడమ్ అని కొత్తవాళ్ళు అడుగుతారు. కార్డులు పరిచేటప్పుడు చివరి కార్డు పక్కన ఎప్పుడూ ఒక తెల్ల కార్డు పెట్టమని మాత్రం వాళ్ళకు చెబుతాను.